మా వదిన తడిమి పంపేది

మా వదిన పోయింది. రెండు వారాల కిందట మంగళవారం పొద్దున మేనల్లుడు ఫోను చేసి, "అత్తా, అమ్మ ఎల్లిపోయినాది" అన్నాడు. నేనుండేది పక్క వీధిలోనే. చెప్పులు కూడా వేసుకోకుండా నడిచి వెళ్ళాను. కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు జారగిలబడి అలాగే ఉంది. తొంభై దాటిన మనిషి. మంచం పట్టలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. ఏడ్చాను గానీ ఆ ఏడుపులో దేవుడి మీద ఫిర్యాదేమీ లేదు.

ఆమె గురించి నాలుగు మాటలు రాసిమ్మని ఇక్కడ మలేసియాలో మా సుంగై పెటాని ఊరి తెలుగు సంఘం వాళ్ళు అడిగారు. వదిన ఉంటే, ఈ దేశంలో అందరిలాగే మాట చివర ఒక ‘లా’ తగిలించి, "నా గురించి రాయడానికేటుంది లా" అనేది. ఉంది. ఓపిగ్గా చదవండి.

ఆ ఇంటికి ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. బయల్దేరేటప్పుడు వదిన గేటు దాకా వచ్చి, "సెయ్యెత్తు" అనేది. చేతులు పక్కలకు చాపితే భుజాల నుంచి నడుము దాకా రెండు వైపులా తడిమి, జేబులు తట్టి, "ఇంకెల్లు" అనేది. పరీక్షకు వెళ్ళే పిల్లలైనా, ఫ్యాక్టరీకి వెళ్ళే కొడుకైనా, చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషైనా అందరికీ ఇదే మర్యాద. నా పెళ్ళిలో మా ఆయన్ను కూడా అందరి ముందూ నిలబెట్టేసింది. "మా ఆడపిల్లని ఎలాగూ అట్టుకెల్తన్నావు, ఇంకేటి అట్టుకెల్తన్నావో సూడాల" అంది. ఆ మహానుభావుడు మాల వేసుకుని చేతులు చాపి నిలబడ్డాడు. పోయేదాకా ఆ ముచ్చట చెప్పుకుని నవ్వేవాడు.

ఈ అలవాటు ఆమెకు సరదా కోసం వచ్చింది కాదు. అప్పట్లో మేము వేరే రాష్ట్రంలో రబ్బరు ఎస్టేటులో ఉండేవాళ్ళం. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడి కమ్యూనిస్టుల మీద ఎమర్జెన్సీ పెట్టిన రోజులు. అడవిలో తుపాకులు పట్టుకున్నవాళ్ళకు తిండి అందకూడదని లైన్లనే మా కూలీల వరస ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. దానికి ఒకే ఒక గేటు. తెల్లవారుజామున గేటు తీసి, పనికి పోయే ప్రతి మనిషినీ తడిమి, బియ్యమో పంచదారో దాచుకోలేదని చూసి వదిలేవారు. మగవాళ్ళను కాపలా పోలీసులు తడిమేవారు. ఆడవాళ్ళను తడమడానికి ఒక ఆడమనిషి కావాలని మా వదినను పెట్టారు.

ఎవరికి ఇష్టముంటుంది ఆ పని? లైన్లలో ఆడవాళ్ళు మూతులు ముడుచుకున్నారు. మొదటిరోజు వదిన గేటు దగ్గర నిలబడి, అందరికంటే పెద్దావిడను పిలిచి, తన రెండు చేతులూ చాపింది. ముందు తనను తడమమంది. ఆ ముసలమ్మ బిత్తరపోయి, ఆనక నవ్వేసి, వదిన నడుము తడిమి చూసింది. అప్పుడు వదిన ఆవిడను తడిమింది. ఆ తర్వాత రోజూ అదే పద్ధతి. వరసలో మొదటి మనిషి వదినను తడమాలి, ఆ తర్వాతే వదిన అందరినీ తడమాలి. నాకింకా పెళ్ళి కాలేదు. నేనూ చెట్లు గీసే పనికే పోయేదాన్ని. నన్ను తడిమేటప్పుడు మాత్రం చక్కిలిగిలి పెట్టేది.

మెర్డెకా, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం, దగ్గరపడుతున్న రోజుల్లో ఓట్లు వచ్చాయి. మా రాష్ట్రానికి పెద్దగా ఉన్నాయనను అందరూ పెద్దాయన అనేవారు. ఆయన నిలబెట్టిన మనిషికి మాల వేసి, లైన్ల తరఫున మద్దతు పలకమని మా లైన్ల పెద్దకు కబురొచ్చింది. మా పెద్ద మెత్తగా మాట్లాడే మనిషే గానీ, మాల వేయనన్నాడు. వచ్చినవాళ్ళకు టీ ఇచ్చి పంపేశాడు. ఆ మర్నాడు తెల్లవారుజామున గేటు తీయలేదు.

రబ్బరు చెట్టు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. చెట్టు గీస్తే పాలు చల్లటి పూటే కారతాయి. ఎండెక్కాక ఎంత గీసినా కొద్దిగా కారి గీత ఆరిపోతుంది. పాలు లేకపోతే కూలి లేదు. ఆ వారమంతా ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా గేటు మూసే ఉంచారు. బకెట్లు, గీసే కత్తులు పట్టుకుని కంచె ఇవతల నిలబడి, మా చెట్ల మీద ఎండ పడటం చూశాం. అడిగితే భద్రత అన్నారు, తనిఖీ గట్టిగా చేస్తున్నామన్నారు. మా పొయ్యిలు సరిగ్గా వెలగలేదంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ ఎస్టేటు దొరకు పాలు తగ్గాయి. ఆయన కంపెనీ వాళ్ళకు చెప్పాడు, వాళ్ళు పైవాళ్ళకు చెప్పారు. కౌలాలంపూరు నుంచి ఒక పోలీసు అధికారి కేసు కట్టడానికి వచ్చాడు.

గేటు తీయొద్దని కాపలా పోలీసులకు ఫోను చేయించింది పెద్దాయన ఆఫీసులో పనిచేసే ఇద్దరని ఆ అధికారి పట్టుకున్నాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. తనిఖీ వల్లే ఆలస్యమైందని వాళ్ళ వాదన. కాపలా పోలీసులు ఉద్యోగాలు పోతాయని వాళ్ళకే వంత పాడారు. ఇక మిగిలింది మా వదిన. నిజంగా తనిఖీ జరిగి ఉంటే ఆడవాళ్ళను తడమాల్సింది ఆమే కదా.

ఈ సంగతి తెలిసి, ఆ సాయంత్రం ఎస్టేటు గుమాస్తా, మేము కిరాణి అనేవాళ్ళం, మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ గడప తొక్కనివాడు బెంచీ మీద కూర్చుని కాఫీ తాగాడు. మా అన్నయ్య ఇండియాలో పుట్టాడని, చంకన బిడ్డగా ఓడెక్కి వచ్చాడని, కాగితాలేవీ సరిగ్గా లేవని ఆయనకు తెలుసు. ఈ రోజుల్లో ఎవరినైనా ఓడెక్కించి ఇండియాకు పంపేయడం ఎంతసేపు అని, ఏదో లోకం మాట మాట్లాడినట్టు మాట్లాడి వెళ్ళాడు.

వదిన పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది. అన్నం వార్చలేదు. అప్పటికి మేనల్లుడు కడుపులో ఉన్నాడు. చివరికి అన్నయ్యనే అడిగింది.

"మావా, నానేటి సెప్పాల?"

అన్నయ్య ఆమె పక్కన కూర్చుని అడిగాడు. "నువ్వు తడిమినావా?"

"నేదు."

"అయితే నేదనే సెప్పు. ఓడెక్కిస్తే ఎక్కుతాను. మావూరు ఎలాగుంటదో నాను సూడనేదు గదా."

వదిన ఏడుస్తూనే నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అన్నయ్య అంటే నాకు ప్రాణం. ఆ క్షణంలో వదిన అబద్ధం చెబితే బాగుండునని కోరుకున్నాను. ఆ మాట ఆమెకు తర్వాతెప్పుడో చెబితే, తాను కూడా అదే కోరుకున్నానంది.

కోర్టుకు నేనూ తోడు వెళ్ళాను. తెలుగు తెలిసిన దుబాసీ లేడు, అరవం దుబాసీయే ఉన్నాడు. వదిన తన సగం తెలుగు, సగం అరవం కలిపి మాట్లాడింది. ఏదో పెద్ద ఉపన్యాసం ఇచ్చిందనుకోకండి. చీర కొంగు వేలికి చుట్టుకుంటూనే ఉంది.

"ఆ పొద్దులన్నీ గేటు కాడే ఉన్నాను. ఒక్క మనిసినీ తడమమన్లేదు. గేటు తీసినాక కూడా తడమమన్లేదు, పొండన్నారు. ఊరికే నిలబెట్టినారు."

అంతే. ఆ ఇద్దరికీ జైలు పడింది. పెద్దాయన మాత్రం తనకేమీ తెలియదన్నాడు. వదిన ఆ మాట విని, "ఆయన గేటు ఎవులూ మూయనేదు గదా, ఎలా తెలుస్తాది" అంది. ఇప్పటికీ టీవీలో ఏ నాయకుడైనా తనకు తెలియదంటే చాలు, మా ఇంట్లో అందరం ఆ మాటే అంటాం.

ఆ తర్వాత కొన్నాళ్ళు జీపు చప్పుడైతే చాలు, ముగ్గురం అన్నయ్య వైపు చూసుకునేవాళ్ళం, అన్నయ్యతో సహా. ఏ జీపూ మా గుమ్మం ముందు ఆగలేదు. మేనల్లుడు పుట్టాడు, మెర్డెకా వచ్చింది, అన్నయ్య చేతికి పౌరసత్వం కాగితం వచ్చింది. ఆయన తన ఊరు చూడకుండానే హాయిగా ఈ నేలమీదే ముసలివాడై కన్నుమూశాడు. ఇంకొన్నాళ్ళకు కంచె కూడా పీకేశారు. దాంతో వదిన ఉద్యోగం ఊడింది. ఉద్యోగం ఊడినందుకు పాయసం వండి లైనంతా పంచిన మనిషిని నేను ఆమెనే చూశాను. మర్నాడు బకెట్టు పట్టుకుని మాతో పాటు చెట్ల పనికి వచ్చేసింది.

తడమడం మాత్రం మానలేదు. ఎందుకని ఒకసారి అడిగాను. "తడిమితే గేటు తీసినట్టు లా. మనిసి ఎల్లొచ్చు" అంది. నేను వేళాకోళం చేశాను. ఆమె పట్టించుకోలేదు.

కర్మలయ్యాక నిన్న వదిన మనవరాలు మళ్ళీ డ్యూటీకి వెళ్ళింది. ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటం తక్కువ, నన్ను అమ్మమ్మా అనడం వరకు బాగానే వచ్చు. బస్సు వచ్చే వేళకు వదిన ఇంటి గేటు నేనే తీశాను. పిల్ల చెప్పులేసుకుంది, బ్యాగు తగిలించుకుంది, గేటు దాకా వచ్చి ఆగిపోయింది. బస్సు వీధి మలుపు తిరిగి హారను కొట్టింది. వెళ్ళమ్మా అన్నాను. వెళ్ళలేదు. బ్యాగు కింద పెట్టి, నా వైపు తిరిగి, రెండు చేతులూ పక్కలకు చాపి నిలబడింది.