వదిన నోటుపుస్తకంలోని అనుమానం

మీ కన్నతండ్రి మీ ముందే మరొకరి తెలివిని మెచ్చుకుంటుంటే, మనస్ఫూర్తిగా తలూపగలిగారా ఎప్పుడైనా? ఒకప్పుడు నేను ఊపలేకపోయాను. నిన్న ఉప్పల్‌లో మా ఇంటికొచ్చిన చుట్టాలకు నాన్న మళ్లీ నా గొప్ప ప్రశ్న కథ చెప్పాడు. నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాను.

రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందు మేం నాచారంలో ఉండేవాళ్లం. నాన్న ఇనుము పోతపోసే కర్మాగారంలో పనిచేసేవాడు. మేనత్త కూతురు, నాకు వదిన, మా ఇంట్లో ఉండి ఎమ్మెస్సీ చదివేది. ఒక నీహారికలో, అంటే ఆకాశంలోని పెద్ద ధూళిమబ్బులో, కొత్తగా పుడుతున్న నక్షత్రాలను పరారుణ చిత్రాల్లో వెతకడం ఆమె ప్రాజెక్టు. ధూళిమబ్బు మామూలు వెలుగును ఆపేస్తుందనీ, పరారుణ కిరణాలను చాలావరకు పోనిస్తుందనీ ఆమె చెప్పగానే నాన్న మురిసిపోయాడు. "గంతేనా కోడలా! నల్లబడ్డ ఇనుమును నేను చెయ్యి వెనకతట్టు దగ్గర పెట్టే సూస్త. మెరుపుండదు, సెగ ఉంటది." "అదే మామా, అచ్చంగ అదే!" అని ఆమె గంతేసింది. ఆనాటి నుంచి డ్యూటీ దిగి, చెప్పులు విడవకముందే "ఇయ్యాల ఎన్ని పిల్లచుక్కలు దొరికినయ్?" అని ఆమెనే అడిగేవాడు. కళాశాల వక్తృత్వ పోటీల్లో నేను గెలిచిన కప్పుల్లో అమ్మ గరిటెలు పెట్టుకుంది. నాన్న అదీ గమనించలేదు.

సెమినార్‌కు ముందు ఆదివారం వదిన మా ముందే సాధన చేసింది; చిత్రాల్లో ఎర్రగా తేలిన చుక్కలన్నింటినీ పిల్లచుక్కల జాబితాలో చదివింది. నేను లేచి, చర్చావేదిక గొంతుతో అడిగాను: "ఎర్రగా కనిపించినవన్నీ పసినక్షత్రాలేనని రుజువేమిటి? మబ్బు వెనకనున్న ముసలి నక్షత్రం కూడా ధూళి వల్ల ఎర్రబడదా?"

నాన్న తొడ చరిచాడు. "ఏం అడిగింది నా బిడ్డ! చెప్పు కోడలా, ఇప్పుడేమంటవ్?"

ఆ ప్రశ్న నాది కాదు. ఆమె తన నోటుపుస్తకం అంచున పెన్సిలుతో రాసుకున్న అనుమానం. ముందురోజు దొంగచాటుగా చదివాను. వదిన నావైపు చూసింది. ఆమెకు తెలిసిపోయింది. "మంచిగ అడిగినవ్ మరదలా, ఇంకా తేల్చలే" అని మాత్రం అంది. అనుమానమున్న చుక్కలన్నింటినీ కొట్టేసి, సెమినార్‌లో చిన్న జాబితానే చదివింది. చివర నా పేరు చెప్పి కృతజ్ఞతలు కూడా తెలిపింది. సిగ్గుపడవలసిన ఆ క్షణంలోనూ నాకు అసూయే కలిగింది: అంత నెమ్మది ఆమెకెక్కడిది?

నిన్న చుట్టాలు వెళ్లాక నాన్నకు నిజం చెప్పేశాను. ఆయన తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. "అయితే జర కోడలికి ఫోన్ కలుపు" అన్నాడు. ఆ మాటకూ నాకు చురుక్కుమంది. కాలం నా అసూయకు వయసు తెచ్చింది గాని, బుద్ధి తేలేదు. మీరెప్పుడైనా మరొకరి ఆలోచనతో చప్పట్లు కొట్టించుకుని ఉంటే, ఆ చప్పట్లు కొట్టినవాళ్ల దగ్గరికే వెళ్లి అసలు పేరు చెప్పండి, ఇవాళే చెప్పండి.