పాలేరు గేటు దగ్గర మామిడి తొక్కు

1948 వేసవి మొదట్లో మా సైనిక సెక్షన్ పాలేరు వాగు ఒడ్డున దిగింది. తొమ్మిది మందిమి. రెండు గుడారాలు, రోడ్డుకు అడ్డంగా వెదురు గేటు, నీళ్లకు నాలుగు కాన్వాసు సంచులు. వాగు ఎండిపోయి ఉంది. అవతల హైదరాబాద్ రాజ్యం, ఆ దారిలోనే కోదాడ. నా డ్యూటీ ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు. చేతిరాత బాగుందని రిజిస్టర్ కూడా నాకే అప్పగించారు.

ఉత్తర్వు చిన్నది. హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో చేరే వరకు ఉప్పు, కిరసనాయిలు, పెట్రోలు గేటు దాటకూడదు. సరుకు ఆపితే యుద్ధం అవసరం ఉండదని మాకు చెప్పారు. మా ఇల్లు మిర్యాలగూడలో, గేటుకు అవతలి వైపే. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

మే నెలలో గేటు అవతలి అనంతగిరి నుంచి నర్సమ్మ రావడం మొదలైంది. యాభై ఏళ్లుంటాయి. తట్టనిండా పచ్చి మామిడికాయలతో ఇవతల జగ్గయ్యపేటలో చెల్లెలి ఇంటికి వెళ్లేది. మూడో రోజు తొక్కు జాడీతో తిరిగి వచ్చేది. ఉత్తర్వులో ఉప్పు ఉంది, తొక్కు లేదు. మొదటి జాడీ ఎర్రగా ఉంది. రెండోది పాలిపోయింది. మూడోదాన్ని హవల్దార్ వేలితో రుచి చూసి, దగ్గి, సగం సంచి నీళ్లు తాగాడు.

“ఇది పచ్చడి కాదమ్మా, సముద్రం,” అన్నాడు.

“మా దిక్కు జర ఉప్పు ఎక్కువనే తింటం సారూ.”

అందరం నవ్వాం. హవల్దార్ గేటు ఎత్తించి, పచ్చడి అని రాసుకోమన్నాడు. నేను ఉన్నది ఉన్నట్టు రాశాను: ‘మామిడి తొక్కు, ఒక జాడీ. ముప్పాతిక వంతు ఉప్పు.’ చిన్నప్పటి నుంచి డైరీకి అలవాటు పడ్డ చెయ్యి. శనివారం తనిఖీకి వచ్చిన ఆఫీసర్ అది చదివాడు. సోమవారం నుంచి పచ్చళ్లు కూడా బంద్.

నాలుగో జాడీని నేనే ఆపాను. ఎవరు రాశారని నర్సమ్మ అడిగింది.

“నేనే రాసిన అమ్మా.”

ఆమె జాడీని కింద పెట్టింది. “నీ మాట మన దిక్కుదే గదా బిడ్డా. ఎట్ల రాసినవ్? మేమంటే చప్పగనే తింటం. ఉప్పు లేకుంటే ఎడ్లు కుడితి ముడ్తలెవ్వు. వానకాలం దున్నాలె.”

జాడీ గుడారంలో ఉండిపోయింది. మూతికి గుడ్డ కట్టి, రోజూ తుడిచేవాణ్ణి. కొత్త పెళ్లాన్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నానని వంటవాడు వెక్కిరించేవాడు. అతని ఉల్లిపాయ పులుసు, చెవికి రేడియో ఆనించుకుని కునికే సిగ్నల్‌మన్, తొలి వానకు వాగు చేసిన చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణానికి హాయిగా ఉంటుంది.

సెప్టెంబరులో సైన్యం గేటు దాటింది, వెంట మేమూ, నా సామానులో జాడీ. కోదాడ, తర్వాత సూర్యాపేట. ఐదు రోజుల్లో ముగిసింది. దాన్ని యుద్ధమనాలా వద్దా అని ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. రేషను లారీ వెనక్కి వెళ్తుంటే అనుమతి అడిగి, జాడీతో అనంతగిరి దారిలో దిగాను. మూడు మైళ్ల నడక. చొక్కా చెమటకు తడిసి, ఆరి, వీపు మీద తెల్లగా చారలు కట్టింది.

నర్సమ్మ వాకిట్లో రెండు ఎడ్లు, పక్కటెముకలు తేలి ఉన్నాయి. జాడీ దించడానికి వంగాను. వీపుకు గరుకుగా ఏదో తగిలింది. ఒక ఎద్దు పలుపు బిగిసేలా మెడ చాచి నా చొక్కా నాకుతోంది. తప్పుకోబోయాను.

“కదలకు బిడ్డా,” అంది నర్సమ్మ. “జరసేపు నాకనీ.”

నిలబడ్డాను. రెండోదానికి పలుపు చాలలేదు. అది నన్నే చూస్తోంది. కాసేపటికి నేనే దాని దగ్గరకు జరిగి వీపు తిప్పాను.

నెల తర్వాత సెలవు మీద మిర్యాలగూడ చేరాను. చొక్కా ఉతుకుతూ అమ్మ, వీపు దగ్గర దారాలు లేచాయేమని అడిగింది. చెప్పలేదు. డైరీలోనూ ఆ రోజు పేజీ ఖాళీయే. ఇప్పటికీ ఎండలో నడిచి వచ్చాక చొక్కా వీపుకు అంటుకుంటే, ఒక్క నిమిషం కదలకుండా నిలబడతాను.