తువ్వాలుకంటిన మసి

మొన్న మా మనవడు కారు ముందు మూత పైకెత్తి, లోపల్నుంచి సన్నని ఇనుప పుల్ల లాగి, దాని కొనను కాగితానికి తుడిచి చూసుకుంటున్నాడు. కాగితం మీద నల్లటి మచ్చ. ఇంజన్ నూనె ఇంత నల్లబడితే మార్చవద్దా అన్నాను. ఇప్పటి నూనెలు మసిని అడుగున పేరుకోనీకుండా తమలోనే పట్టి ఉంచుతాయట, నల్లబడటమే మంచిదట, మార్చే వేళయితే కారే దీపం వెలిగించి చెబుతుందట. ఆదోనిలో కాపురం పెట్టిన కొత్తలో ఆ దీపం చేసే పని నేనే చేసేదాన్ని. దానివల్ల ఏం జరిగిందో వాడికి చెప్పలేదు.

అది యాభైల నాటి మాట. మా ఆయన పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో డీజిల్ ఇంజన్ డ్రైవరు. అక్కడే స్టోరు తాళంచెవులు మా అన్న మొలతాడుకు వేలాడేవి. మా ఆయనకు ఆ ఉద్యోగం వేయించిందీ, నన్ను ఆయనకిచ్చి పెళ్లి చేసిందీ అన్నే. నాన్న లేని ఇంట్లో నాకు తల దువ్వి జడ వేసిన మనిషి; జడ వంకరగా వచ్చినా నేను అదే అందమనుకుని వీధంతా తిరిగేదాన్ని. సీజనులో ఆస్పరి వైపు నుంచి పత్తి బండ్లు వరస కట్టేవి, ఇంజన్‌కు ఊపిరి సలిపేది కాదు. పదిహేను రోజులకొకసారి రాత్రిపూట దాన్ని ఆపి, లాంతరు వెలుగులో పాత నూనె దించి, స్టోరులోంచి తెచ్చిన కొత్తది పోసి, బొట్టు పెట్టి మళ్లీ తిప్పేవాడు మా ఆయన. ఇంజన్ ఒళ్లంతా తుడిచిన తువ్వాలు నా చేతికి వచ్చేది. నూనె మార్చిన మర్నాడు మరక తేనెరంగులో ఉండి సౌడు మట్టికి ఇట్టే వదిలేది. పదిరోజులు దాటితే అరచేతులు మంట పుట్టేలా రుద్దినా ఆ మసి పోయేది కాదు. ఎప్పుడు మార్చాలో ఆయన ఇంజన్ తిరిగిన గంటలు లెక్కేసి చెప్పేవాడు, నేను బండ మీద తువ్వాలు చూసి చెప్పేదాన్ని. ఇద్దరి మాటా ఒక రోజు అటూ ఇటూగా కలిసేది. అందుకు నాకు లోలోపల చాలా గర్వంగా ఉండేది.

రెండో ఏడు సీజను మధ్యలో నా లెక్క తప్పింది. నూనె మార్చిన మర్నాడే తువ్వాలు నల్లగా వచ్చింది. మరో పదిహేను రోజులకు మళ్లీ మార్చినప్పుడూ అంతే. ఆ మాట ముందు మా ఆయనకు చెప్పాలి. నేను అన్న దగ్గరికి పోయాను. అన్న నాకు మజ్జిగ ఇప్పించి, అంతా విని నవ్వాడు.

“ఇంజన్ ముసల్దయిందమ్మా, కొత్త నూనె పోసినా మసి పడతాది. సావుకారికి సెప్పి నేను సరిచేయిస్తా. ఆయప్పకు సెప్పొద్దు నువ్వు, ఊరికే బెంగ పెట్టుకుంటాడు.”

నేను చెప్పలేదు. వారం తిరగకముందే ఇంజన్ పెద్దగా కీచుమని పట్టేసి ఆగిపోయింది. విప్పి చూస్తే అడుగున మసి సంగటిలా పేరుకుని ఉందట, బేరింగులు కరిగిపోయాయట. మా ఆయన పరుగున పోయి స్టోరులో మిగిలిన డబ్బాలు తెరిచాడు. అన్నిట్లోనూ సగానికి సగం వడగట్టిన పాత నూనె. అసలు నూనె ఏనాడో అన్న చేతిమీదుగా లారీలవాళ్ల పాలైంది. ఆ డబ్బాలు తెచ్చి ఫ్యాక్టరీ సావుకారి ముందు పెడితే అన్న తొణకలేదు. డ్రైవరు నూనె మార్చకుండానే మార్చానని చెప్పి, ఇప్పుడు తప్పు కప్పిపుచ్చుకోవడానికి డబ్బాల్లో పాతది కలిపాడన్నాడు. సాక్ష్యం కూడా చూపించాడు.

“మా సెల్లెలే సెప్పింది సావుకారీ. నూనె మార్సినానన్న మర్నాడు కూడా తువ్వాలు నల్లగానే వస్తాండాదంట. కట్టుకున్నదాని కంటే ఎవురికి తెలుస్తాది?”

సావుకారి ఆ మాటే నమ్మి మా ఆయన్ని పనిలోంచి తీసేశాడు. ఇంజన్‌ను చంపిన డ్రైవరని పేరుపడ్డాక ఆదోనిలో ఏ ఫ్యాక్టరీ గడపా మా ఆయన్ని తొక్కనివ్వలేదు. పని పోయిన ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్పాడు. నేను ఏడుస్తూ అన్నను నోటికొచ్చినట్టు తిట్టాను. నా మాటనే ఎత్తుకుపోయి నా మొగుడి మెడకు చుట్టాడే అని గుండెలు బాదుకున్నాను. ఆయన అంతా అయిందాకా ఆగి, ఒక్కటే అడిగాడు.

“నాకెందుకు సెప్పలేదు నువ్వు?”

నేను లేచి పొయ్యి ముట్టించడానికి పోయాను.

ఎమ్మిగనూరుకు మారాం. బావుల దగ్గర నీళ్లు తోడే ఇంజన్లు బాగుచేస్తూ ఆయన మళ్లీ మంచి పేరే తెచ్చుకున్నాడు. అక్కడికి పోయిన రోజు నుంచీ తన తువ్వాలు తనే ఉతుక్కున్నాడు. ఆయన ఉతికిన దానికంటే ఉతకనిదే నయంగా ఉండేది, అయినా నన్ను ముట్టనివ్వలేదు. కొన్నేళ్లకు అన్న తన కూతురి పెళ్లికి పిలవడానికి వస్తే, ఆయన చాప వేసి, నీళ్లిచ్చి, మామూలుగా మాట్లాడి పంపాడు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. అన్నను క్షమించగలిగిన మనిషి నా చేతికి మాత్రం ఆ ఒక్క తువ్వాలు రానివ్వలేదని నాకు ఎంత కడుపుమంటో. తిట్టినా బాగుండేది.

అన్న పోయాడు, ఆయనా పోయి పన్నెండేళ్లయింది. ఆయన అడిగినదానికి జవాబు ఆ రోజే నాకు తెలుసు: నీకంటే అన్ననే ఎక్కువ నమ్మాను. కాపురానికి వచ్చిన కొత్తపిల్ల అలా నమ్మడం పెద్ద నేరం కాదు, చెప్పి ఉంటే ఆయన ఒప్పుకునేవాడే. ఇవాళ కాకపోతే రేపు చెబుదాం, ఇంకా బోలెడు కాలం ఉంది కదా అనుకుంటూ నలభై ఏళ్లు కాపురం చేశాను.