అప్పలమ్మని అప్పడాల్లో కలిపేశాను

ఏడేళ్ళుగా ఒక స్టీలు డబ్బాని మోస్తున్నాను. చేతుల్లో కాదు. ఎక్కడ మోస్తున్నానో మీకు తెలుసులెండి, మీకూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. లేదంటారా? అయితే ఈ కాగితం పక్కన పడేసి మీ పని చూసుకోండి. నాకు ఓదార్పు అక్కర్లేదు. "పాపం, చిన్నపిల్లవి, భయపడ్డావు" అనే మనుషులంటే నాకు ఒళ్ళుమంట. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. భయపడ్డాను, నిజమే. భయపడి ఒక మనిషిని దొంగని చేశాను.

పేర్లు మార్చాను. నా పేరు ఎలాగూ చెప్పను.

నేను పుట్టి పెరిగింది బెంగాల్లో, ఏక్‌బాల్‌పూర్‌లో రేవు పనివాళ్ళ ఇళ్ళ మధ్య. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఓడల మీంచి బస్తాలు దింపాడు. ఇంట్లో మా మాట "ఏటి", "సెప్పు", "నాను". సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఆఫీసు ఉద్యోగం దొరికిన రోజే ఆ మాటని గుమ్మం దగ్గర వదిలేశాను. టీవీ చూసి నేర్చుకున్న తెలుగు మాట్లాడేదాన్ని. ఏ ఊరని అడిగితే విజయవాడ అనేదాన్ని. విజయవాడని నేను రైలు కిటికీలోంచి కూడా చూడలేదు.

మా ఆఫీసు పని హోటళ్ళ అమ్మకాలు చదవడం. బిల్లు మెషీన్‌లో పడిన ప్రతి బిల్లునూ లాగి, ఏది బాగా పోతోంది, ఏది దండగ, ఏది తీసేస్తే లాభం పెరుగుతుంది అని రిపోర్టు ఇవ్వాలి. అలా నన్ను భవానీపూర్‌లో ఒక ఆంధ్రా భోజన హోటల్‌కి పంపారు. ఓనరు బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. నా మాట వినగానే మురిసిపోయాడు. ఎంత చక్కటి తెలుగమ్మా, ఈ ఊళ్ళో మనవాళ్ళ ఏటి గీటి వినలేక చస్తున్నాను అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాత వంటింట్లోకి తీసుకెళ్ళాడు. పొయ్యి దగ్గర అప్పలమ్మ. మా సందులో మూడో ఇల్లు. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి, మా అమ్మకి చెల్లెలికంటే ఎక్కువ. నన్ను చూసి ముఖమంతా నవ్వైపోయింది.

"ఏటమ్మీ, నువ్విక్కడేటి?"

ఓనరు నా వెనకే ఉన్నాడు. "నన్ను చూసి ఇంకెవరో అనుకుంటున్నట్టున్నారు," అన్నాను. ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "పొరబడ్డాను మేడం," అంది. అంతే. మళ్ళీ ఎప్పుడూ నన్ను అమ్మీ అనలేదు. కోపం తెచ్చుకుని నలుగురిలో కడిగెయ్యొచ్చు కదా? కడిగేస్తే నేను బాగుపడేదాన్నేమో. లేదులే, ఇంకా ఎక్కువ కక్ష కట్టేదాన్ని. అప్పటికే కట్టాను. ఆవిడ నోరు జారుతుందేమో, నా విజయవాడ బండారం బయటపడుతుందేమో అని రోజూ వణికాను. నన్ను వణికిస్తోందని ఆవిడ మీదే మండిపడ్డాను. ఎంత నీచమో చూడండి.

ఇక అసలు సంగతి. అప్పలమ్మ చేపల పులుసు మెనూలో లేదు. మొదట పనివాళ్ళ కోసం వండుకునేది. ఆ వాసనకి ఎవరో అడిగి వేయించుకున్నారు, తర్వాత అలవాటైపోయింది. తెలుగువాళ్ళే కాదు, బెంగాలీ గుమాస్తాలు కూడా దానికోసమే వచ్చేవారు. పులుసుకి పేరేం పెట్టలేదు, అందరూ అప్పలమ్మ అనేవారు. వెయిటర్లు "దాదా, ఏక్‌టా అప్పలమ్మ!" అని, అంటే అన్నా ఒక అప్పలమ్మ అని, కౌంటర్ వైపు కేకేసేవారు. కౌంటర్‌లో కూర్చునే బెంగాలీ దాదా అంతకుముందు ఒక తమిళ హోటల్‌లో పనిచేశాడు. అక్కడ అప్పడాన్ని అప్పళం అంటారు. ఈయన చెవికి అప్పలమ్మ అన్నా అప్పళమే. పైగా మెషీన్‌లో పులుసుకి బటన్ లేదు. అప్పడం బటన్ నొక్కి, వెయిటర్ చెప్పిన ధర చేత్తో కొట్టేవాడు.

కాబట్టి నా కంప్యూటర్‌లో ఏం కనపడింది? అప్పడాలు విపరీతంగా అమ్ముడవుతున్నాయి, అదీ కూర ధరకి. చేపల పులుసు అమ్మకం సున్నా. చేపలు మాత్రం రోజూ కొంటున్నారు. వేరే ఎవరైనా తల గోక్కునేవారు. నాకు ఒక్క పూట కూడా పట్టలేదు. మధ్యాహ్నం అక్కడే కూర్చుని ఆ కేక విన్నాను, దాదా వేలు ఏ బటన్ మీదికి వెళ్తోందో చూశాను. తెలుగు తెలిసిన పిల్ల కాబట్టే తెలిసింది. మా సందు పిల్ల కాబట్టే.

తెలిసీ ఏం చేశాను? అప్పడాల వరుసని తీసుకెళ్ళి "ఇతరాలు" అనే వరుసలో కలిపేశాను, ధర ఎవరి కంటా పడకుండా. రిపోర్టులో ఒక వాక్యం రాశాను: చేపల కొనుగోలు ఉంది, అమ్మకం లేదు. ఒక్క అబద్ధం కూడా రాయలేదు చూశారా? అదే నా తెలివి. పులుసు తీసేస్తారు, వంటమనిషిని మారుస్తారు, నా పీడ వదులుతుంది అనుకున్నాను. అంతే అనుకున్నాను అని ఏడేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. కొని అమ్మకపోతే ఆ చేపలు ఎక్కడికి పోతున్నట్టు? ఆ ప్రశ్న ఓనరుకి వస్తుందని నాకు తెలీదా? తెలుసు.

రిపోర్టు చదివి ఆయన తల ఎత్తాడు. "జనం తింటున్నట్టే కనిపిస్తారే అమ్మాయ్?" అన్నాడు. అదీ నాకు దొరికిన ఆఖరి అవకాశం. "కనిపించడం వేరు సార్, అమ్మకం వేరు," అన్నాను.

ఆ సాయంత్రం అప్పలమ్మ ఇంటికి బయల్దేరుతుంటే అందరి ముందూ సంచీ విప్పించాడు. అందులో ఒక నేత చీర, తమలపాకులు, ఒక స్టీలు డబ్బా. డబ్బాలో పులుసు. మూత మీద పేరు చెక్కి ఉంది, మన ఇళ్ళల్లో గిన్నెల మీద ఉన్నట్టే. సూరమ్మ. మా అమ్మ.

అవును, మా అమ్మకే. ఆ ఎండాకాలం అమ్మకి జ్వరం తగిలి నోరు చేదైపోయింది, అన్నం సయించేది కాదు. అప్పలమ్మ మిగిలిన పులుసు గిన్నె అడుగున గీరి పట్టుకెళ్ళేది. పట్టుకెళ్తోందని నాకు తెలుసు. ఆ పులుసు నేనూ తిన్నాను, వేళ్ళు నాక్కుంటూ.

"ఈ సూరమ్మ ఎవరు?" అన్నాడు ఓనరు.

అప్పలమ్మ నా వంక చూసింది. ఎంతసేపో చూడలేదు. "నా సెల్లెలు బాబూ."

"ఎవరు పట్టుకెళ్ళమన్నారు నిన్ను?"

"ఎవులూ పట్టుకెళ్ళమన్నేదు. మిగిలిందే బాబూ. నానే పెట్టుకున్నాను."

నానే. నన్ను దాచడానికి ఆ మాట అంది. నేను ల్యాప్‌టాప్ మూత వేసుకుని నిలబడ్డాను. దొంగముండ అన్నాడాయన, ఆ పూటే పనిలోంచి తీసేశాడు. ఒక్క మాట, "అప్పడాల వరుస చూడండి సార్" అంటే చాలు. అనలేదు.

ఆ తర్వాత మధ్యాహ్నాలు టేబుళ్ళు ఖాళీ అయ్యాయి. గుమాస్తాలు రావడం మానేశారు. దానికీ నేనే కారణం కనిపెట్టాను, రోడ్డు తవ్వకాలని. ఓనరు నమ్మాడు. ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. ఇంట్లో అమ్మ మాత్రం, "అప్పలమ్మ దొంగతనం సేసిందంటే నాను సచ్చినా నమ్మను. నువ్వక్కడే ఉన్నావు కదే, ఏటయ్యింది?" అని అడిగింది. నాకు తెలీదన్నాను. మా అమ్మకి కూడా ఆ టీవీ తెలుగులోనే చెప్పాను.

అప్పలమ్మ ఇంకా ఆ సందులోనే ఉంది. ఇళ్ళల్లో అంట్లు తోముతుంది. వంటకి మాత్రం ఎవరూ పెట్టుకోరు, చేతివాటం ఉందని చెప్పుకుంటారు. పోయిన నెల ఎదురుపడింది. పక్కకి తప్పుకుని, "బాగున్నారా మేడం," అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మీరేమంటారు? వెళ్ళి కాళ్ళ మీద పడమంటారా? పడితే లేపుతుంది, "ఊరుకో అమ్మీ" అంటుంది. ఆ ఓదార్పు తీసుకునే అర్హత నాకు లేదు. మీ క్షమాపణ కూడా నాకొద్దు, మీరెవరు ఇవ్వడానికి? నాకు కావలసింది ఈ మాట ఒక్కసారి బయటికి రావడం. ఎన్నిసార్లు రాద్దామని కూర్చున్నా ఆ చక్కటి తెలుగులో "పొరపాటు జరిగింది" అని వచ్చేది. దానంతటది జరగలేదు. ఆవిడ నన్ను దాచడానికి అన్న మాటని నేను నిజంగా అనాలి, మా ఇంటి మాటలోనే అనాలి. ఇదిగో, అంటున్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.

అప్పలమ్మ దొంగ కాదు. నానే. నానే సేసినాను.