పేరు పిలిస్తే కొబ్బరికాయ

ఆ రోజుల్లో బేరంలో నన్ను మించినవాళ్లు దంతెవాడలోనే లేరని నా గట్టి నమ్మకం. అందుకే పిల్లలకు స్నేహం నేర్పమంటే వాళ్ల చేత దుకాణం పెట్టించాను. అంత తెలివితక్కువ ఆలోచన ఇంకొకరికి తట్టదని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. మా కిరాణా కొట్లో పప్పు బస్తాల మధ్య పెరిగినదాన్ని, వేసవిలో ఒక చిన్న బడిలో పిల్లలను ఆడించే పనికి కుదిరాను. సుక్మా వైపు ఊరి నుంచి ఏడేళ్ల పిల్ల ఒకతె కొత్తగా వచ్చింది. దోర్లీ తప్ప వేరే మాట రాదు, ఎవరూ ఆటకు పిలవరు. "సోమవారం దాంక చూస్తమమ్మా. అప్పటికీ గిట్లనే ఏడిస్తే ఊళ్లె వాళ్ల ముసలవ్వకాడికి తోలుత," అంది తల్లి.

శుక్రవారం తలా ఒక ముద్ద బంకమన్ను ఇచ్చాను. బొమ్మ చేసి నచ్చినవాళ్లతో మార్చుకోవాలి, మార్చుకున్నవాళ్లు నేస్తాలు. పిల్లలు ఆట కంటే నన్నే బాగా నేర్చుకున్నారు. "ఏటి, తోకనేని ఏనుగుకి నా జీపా? ఇంకో పిట్ట కలుపు," అన్నాడు రైల్వేవాళ్ల కుర్రాడు. "చల్ హట్, ఫైనల్ చెప్పు!" అంది ఇంకొకతె. గంటలో ముగ్గురు జుట్లు పట్టుకున్నారు. కొత్తపిల్ల తాబేలు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది.

నేనే తీసుకుని, బదులుగా జడలోని మల్లెపువ్వు ఇచ్చాను (ఎలాగూ వాడిపోయేదే). ఆ పిల్ల తన చెవి మీది అడవిపువ్వు తీసి నా చెవి మీద పెట్టి, "మితానిన్!" అంది. పిల్లల గోల ఠక్కున ఆగింది. బస్తర్‌లో ఇలా పువ్వులు మార్చుకున్న ఆడవాళ్లు మితానిన్‌లు, అంటే బతికున్నంత కాలం నేస్తాలు. ఆపైన ఒకరినొకరు పేరుతో పిలవకూడదు, పిలిస్తే కొబ్బరికాయ జరిమానా. (అందుకే ఇక్కడా పేరు రాయడం లేదు.) ఇదంతా తెలిసీ, ఊరికే వచ్చింది కదా అని తల వంచాను.

మర్నాడు హాజరు వేస్తూ అలవాటు కొద్దీ ఆమె పేరు చదివాను. "దీదీ పేరు పిలిచింది! నారియల్! నారియల్!" అని పిల్లలు బల్లలెక్కారు. పిల్లను దింపడానికి వచ్చిన తల్లి గుమ్మంలోనే నిలబడింది.

"ఏందమ్మా, పువ్వు పెట్టించుకొని పేరు పిలుస్తవా? కొబ్బరికాయ తే."

"మరి హాజరెట్ల వెయ్యాలక్కా? రెండు అరటిపండ్లిస్త, సరిపెట్టుకో."

"కొబ్బరికాయ."

"చిన్నది?"

"నువ్విప్పుడు మా ఇంటి పిల్లవు. పెద్దదే తే."

నేను ఓడిన మొదటి బేరం అది. నేను తెచ్చిన కాయను తల్లి కొట్టి, ముక్కలు కొత్తపిల్ల చేతే పంచించింది. ముక్క కోసం ఆ పిల్ల చుట్టూ చేరినవాళ్లు మళ్లీ కదల్లేదు. మధ్యాహ్నానికి బేరాలు మానేసి పువ్వుల వేటలో పడ్డారు. సోమవారం తల్లి తీసుకుపోవడానికి వస్తే ఆ పిల్ల నిజంగానే ఏడ్చింది, ఇంటికి రానని.

ఇక అసలు బిల్లు. ఇన్నేళ్లలో నోరు జారినందుకు పదకొండు కొబ్బరికాయలు, మొన్న ఆమె పెళ్లికి ఒక చీర నా చేతి నుంచి పోయాయి. వచ్చిందల్లా, ఏమీ అడగకుండా ఫోన్ చేసి "మితానిన్, తిన్నవా?" అనే ఒక గొంతు. ఎన్నిసార్లు కూడి చూసినా, ఈ బేరంలో మోసపోయింది ఆ పిల్లే.