బజ్జీల ఖర్చు తీసేసిన ఏడాది

మా ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ టీమ్ కోచ్ పని మానుకున్నాడని నాకు కాంటా గదిలో ఉండగా తెలిసింది. తుక్కు లారీ కాంటా మీదికి ఎక్కింది. డ్రైవరు, క్లీనరు ఇద్దరూ దిగారో లేదో చూసుకుని బరువు రాస్తున్నాను. లోడింగ్‌లో పనిచేసే కర్దనూర్ మనిషి కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"కాంటా అన్నా, కోచ్ సాబ్ విజిల్ వాపస్ ఇచ్చిండట. ఇగ రానన్నడట."

"ఎందుకట?"

"ఏం చెప్పలే. బల్ల మీద పెట్టిండు, పోయిండు."

ఎనభైల చివరి సంగతి ఇది. పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో వాల్వులు పోతపోసే ఫ్యాక్టరీ మాది. లోపలికి వచ్చే తుక్కును, బయటికి వెళ్లే సరుకును తూచడం నా పని. నా చదువు ఏడో తరగతితోనే ఆగింది. శాతాలు, సగటులు ఆ గదిలో కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఊరికే ఉండనివ్వదు కాబట్టి, లారీలు లేని వేళ మా టీమ్ ఎన్ని గోల్స్ వేసింది, ఎన్ని తిన్నది అని లెక్క వేస్తూ ఉండేవాణ్ణి.

క్లబ్బు కార్మికులదే. కంపెనీ జెర్సీలు మాత్రం ఇచ్చేది. మిగతా ఖర్చంతా జీతాల రోజున గేటు దగ్గర పెట్టే డబ్బాలో మేము వేసే చందాలే. ఏటా వానలు వెనక్కి తగ్గాక బీరంగూడ పక్క మైదానంలో ఫ్యాక్టరీల మధ్య పోటీలు జరిగేవి. పై గ్రూపులో చివరన నిలిచిన టీమ్ కింది గ్రూపుకు పోవాలి. కింది గ్రూపు ఆటలు రాళ్లు తేలిన ఇంకో మైదానంలో ఆడించేవారు. అక్కడికి పోయిన టీమ్‌కు చూసేవాళ్లుండరు, మరుసటి ఏడాది డబ్బాలో చందా వేసేవాళ్లూ ఉండరు. అట్లా మూతపడ్డ క్లబ్బులు మాకు తెలుసు.

కోచ్ టూల్ రూమ్‌లో ఫిట్టరు. యాభై దాటాయి. రోజూ సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చేవాడు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆయన చేతి కింద మా టీమ్ ఎన్నడూ మొదటి స్థానంలో నిలవలేదు, ఎన్నడూ చివరికీ పోలేదు. నా లెక్క ప్రకారం మ్యాచ్‌కు ఒక గోల్ కంటే కొంచెం ఎక్కువ వేసేవాళ్లం, కొంచెం తక్కువ తినేవాళ్లం. ఆ కొంచెం తేడా మీదే క్లబ్బు నడిచింది.

ఆ ఏడాది కమిటీకి కప్పు మీద ఆశ పుట్టింది. హైదరాబాదులో క్లబ్బులకు ఆడే ఇద్దరు ఫార్వర్డ్‌లను మాట్లాడుకొచ్చారు. మ్యాచ్‌కు ఇంత అని డబ్బు, బస్సు చార్జీలు, బీరంగూడలో గది కిరాయి. అన్నీ కలిపితే ఏడాది చందాలో ముప్పావు వంతు వాళ్లిద్దరికే. మిగిలిన పావు వంతుతో సీజను ఎట్లా నడపాలని మీటింగు పెట్టి, సెక్రటరీ ఒక్కో ఖర్చే చదివాడు. బంతులు, సున్నం, నిమ్మకాయలు. తరువాత "మిర్చి బజ్జీలు, ప్రతి మ్యాచ్‌కు" అని చదివేసరికి అందరూ ఘొల్లున నవ్వారు. "ఆటగాళ్లు పరిగెత్తకపోవడానికి కారణం ఇప్పుడు దొరికిందండీ" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నేనూ నవ్వాను. కోచ్ లేచి ఏదో చెప్పబోయాడు. నవ్వు ఆగలేదు. కూర్చున్నాడు. ఆ ఖర్చు తీసేశారు. తరువాతి వారమే ఆయన విజిల్ తెచ్చి ఇచ్చేశాడు.

కానీ ఆయన మానుకున్నదానికి, బజ్జీలకు సంబంధం ఉందని మాకెవరికీ తోచలేదు. గేటు ఎదుటి చాయ్ హోటల్లో తెల్లారింది మొదలు చర్చంతా ఆ ఇద్దరు ఫార్వర్డ్‌ల మీదే. కోచ్‌ను అడగకుండా తెచ్చారు కాబట్టి అలిగాడని ఒక వర్గం. ఆయన కాలం అయిపోయింది, పోతే పోనీ అని ఇంకో వర్గం. మొదటి వర్గానికి పెద్ద మా కర్దనూర్ మనిషి. రెండో వర్గానికి పెద్ద, ఫౌండ్రీలో క్రేన్ నడిపే గుంటూరు వైపు ఆయన. బీరంగూడలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. ఒక్క మ్యాచ్ కూడా మానింది లేదు. ప్రతి ఆటకూ మా గోల్ వెనకాలే నిలబడి, మా కీపర్‌కే సలహాలు అరిచేవాడు. కీపర్ కూడా అదే క్రేన్ మీద వేరే షిఫ్టులో పనిచేసేవాడు కాబట్టి ఆ చనువు.

"ఆయన ఉన్నంతకాలం మనకు మధ్యలో వేలాడటమే కదండీ" అన్నాడు క్రేన్ ఆయన. "ఖర్చు పెడితేనే గోల్ వస్తుంది. ఏవండీ లెక్కల మాస్టారూ, మీరు చెప్పండి."

"గోల్ ఒక్కటికి ఎంత పడుతుందో చెప్పగలను" అన్నాను. "వాళ్లిద్దరూ కలిసి మ్యాచ్‌కు రెండేసి వేసినా, ఒక్కో గోల్ మన హెల్పరు వారం జీతమంత."

"అగో, ఇన్నవా?" అన్నాడు కర్దనూర్ మనిషి. "గా పైసలతోటి మనోళ్లకు బూట్లన్న కొనకపోతిరి. మా లెఫ్ట్ బ్యాక్ బూటు సూడరాదు, కాలి ఏళ్లు బయటికొచ్చి బంతి కన్న ముందు ఉరుకుతున్నయ్."

"బూటు వేసుకుంటే మీ లెఫ్ట్ బ్యాక్ అడ్డం తిరిగి ఆడతాడా ఏంటి? బంతి వస్తే పక్కకు జరిగి దారిస్తాడు, మర్యాదస్తుడు."

"నీ ఫార్వర్డ్‌లు ఏం తక్కువ తిన్నరే అన్నా? పొద్దున ప్రాక్టీసుకు రమ్మంటే తొమ్మిదింటికి లేస్తున్నరట. పెండ్లికొడుకులా ఏంది?"

హోటల్ యజమాని చాయ్ గ్లాసులు పెడుతూ, "కోచ్ ఉన్నా పోయినా నాకు మంచిదే. జెర గట్టిగ కొట్లాడుండ్రి" అన్నాడు.

కోచ్ లేకుండా మొదటి మ్యాచ్ ఒక బుధవారం వచ్చింది. నాలుగున్నరకు ఆట. మైదానానికి వెళ్లి చూస్తే మా వైపు ఎనిమిది మందే ఉన్నారు. కీపర్ లేడు. లెఫ్ట్ బ్యాక్ లేడు. వాళ్లంతా ఏరని అడిగితే బీ షిఫ్టులో ఉన్నారన్నారు. అంటే మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా మిషన్ల మీద. మాకు అర్థం కాలేదు. వెనకటి మ్యాచ్‌లప్పుడూ షిఫ్టులున్నాయి కదా, అప్పుడు పదకొండు మందీ ఎట్లా వచ్చారు?

ఆలోచించే తీరిక లేదు. కీపర్ లేడు కాబట్టి హైదరాబాదు ఫార్వర్డ్‌లలో పొడుగాయన్ని గోల్‌లో నిలబెట్టారు. ఏడాది చందాలో సగానికి కొంచెం తక్కువ డబ్బు, చేతులు చాపి, కొత్త బూట్లతో, పోతున్న బంతిని చూస్తూ నిలబడింది. ఐదు గోల్స్ తిన్నాం. క్రేన్ ఆయన గోల్ వెనకాల గొంతు పోయేదాకా తిట్టాడు. తరువాతి మ్యాచ్ కూడా తొమ్మిది మందితో ఆడి ఓడాం. ఇక మిగిలింది ఒక్కటే. మిగతా టీమ్‌ల పాయింట్లు వేసి చూశాను. ఆఖరి మ్యాచ్ కనీసం సమానంగా ముగిస్తే పై గ్రూపులో ఉంటాం. ఓడితే కిందికి.

నేను, క్రేన్ ఆయన, కర్దనూర్ మనిషి కలిసి టూల్ రూమ్‌కు పోయాం. భోజనాల విరామం. కోచ్ టిఫిన్ డబ్బా కడుక్కుంటున్నాడు.

"కోచ్ గారూ, మీరు తిరిగి రావాలండీ" అన్నాడు క్రేన్ ఆయన. "ఫార్వర్డ్‌ల విషయంలో మిమ్మల్ని అడక్కపోవడం తప్పే."

"ఫార్వర్డ్‌లతోటి నాకేం పంచాది?" అన్నాడు కోచ్. "మంచిగనే ఆడుతరు పిలగాండ్లు. ఆడెటోళ్లకు పైసలిచ్చిన్రు, మంచిదే. డ్యూటీ చేసెటోళ్ల కాడికి నేనేం మొకం పెట్టుకొని పోవాలె?"

అప్పుడు చెప్పాడు. బీ షిఫ్టులో పడ్డ ప్రతి ఆటగాడి బదులూ, అదే పని తెలిసిన పొద్దుటి ‘ఏ’ షిఫ్టు మనిషి ఒకడు నిలబడాలి. పొద్దున ఆరింటికి వచ్చినవాడు రెండింటికి ఇంటికి పోకుండా ఆట అయ్యేదాకా మిషన్ మీదే ఉండాలి. దానికి పైసా రాదు. మిషన్ ఖాళీగా లేకపోతే సూపర్‌వైజరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. మ్యాచ్‌కు ముందు మూడు నాలుగు రోజులు కోచ్ షెడ్డు షెడ్డుకూ తిరిగి అట్లాంటివాళ్లను ఒప్పించేవాడు. ఆట అయిపోగానే వేడి బజ్జీలు పొట్లాలు కట్టించుకుని, ఒక్కొక్కరి మిషన్ దగ్గరికి స్వయంగా తీసుకుపోయి, ఆట ఎట్లా జరిగిందో చెప్పి వచ్చేవాడు. ఆ బజ్జీలను ఆటగాళ్లు ఎన్నడూ తినలేదు.

కోచ్ క్రేన్ ఆయన వైపు తిరిగాడు.

"మొన్న కీపర్ యాడున్నడు? క్రేన్ మీద. నువ్వు యాడున్నవ్? ఖాళీ గోల్ ఎనకాల నిలవడి తిడుతున్నవ్."

"నన్నెప్పుడూ అడగలేదు కదండీ మీరు."

"నిన్నెట్ల అడుగుత? ఆట సూడకపోతె నీకు పానం నిలువది. అందుకనే ఇన్నేండ్లు ఆ ఇంకో క్రేన్ పెద్దాయన కాళ్లు పట్టుకున్న."

తిరిగి రమ్మని మళ్లీ అడిగాం. రానన్నాడు. "మీరు పోయి అడుగుండ్రి. మీరడిగితే తిడుతరు. తిట్టించుకోండ్రి."

తిట్టించుకున్నాం. ఆఖరి మ్యాచ్ నాడు బీ షిఫ్టులో మావాళ్లు ముగ్గురున్నారు: కీపర్, లెఫ్ట్ బ్యాక్, నడిమి వరసలో ఒకడు. ఇద్దరికి బదులు మనుషులు దొరికారు. అందులో లేత్ మిషన్ ఆయన మమ్మల్ని నిలబెట్టి కడిగేశాడు.

"బజ్జీకి మొకంవాసి నిలవడ్డ అనుకున్నరా బై? ఆట అయినంక ఒక్క మనిషన్న వచ్చి నీ పుణ్యాన ఆడినమని చెప్పెటోడు. గదిగూడ ఖర్చుల రాసి కొట్టేస్తిరి."

"ఈసారి నేను తెస్త మామా" అన్నాడు కర్దనూర్ మనిషి. "నా సొంత పైసలతోటి."

"నీ పైసలెవనికి గావాలె? నువ్వు రా, చాలు."

మిగిలింది కీపర్. ఎప్పుడూ అతని బదులు నిలబడే క్రేన్ పెద్దాయన, ఇంట్లో పెళ్లి ఉండి సెలవు పెట్టాడు. ఆ క్రేన్ నడపడం వచ్చి, ఆ వారం పొద్దుటి షిఫ్టులో ఉన్నది ఒక్కరే. కర్దనూర్ మనిషి, నేను మా క్రేన్ ఆయన ముఖం చూడకుండా గోడ మీది భద్రతా సూచనలు చదువుతూ నిలబడ్డాం. కరిగిన లోహం ఉన్న బకెట్‌ను మోసే క్రేన్ అది. ఐదు నిమిషాలు దిగి వస్తానంటే కుదరదు.

"ఆఖరి మ్యాచండీ" అన్నాడు క్రేన్ ఆయన.

మేము రెండో సూచన చదవడం మొదలుపెట్టాం.

"సరే లెండి. నేనే ఉంటాను. మీరు మాత్రం గోల్ వెనకాల నిలబడండి. ఎడమ పక్క వాడికి బలహీనం, చెబుతూ ఉండాలి."

ఆయన చెప్పమన్నట్టే మేమిద్దరం గోల్ వెనకాల నిలబడ్డాం. పదకొండు మంది దిగారు. అవతలివాళ్లు మా సగంలోనే ఎక్కువసేపు ఆడారు. కీపర్ రెండుసార్లు ఎడమ పక్కకే దూకి బంతి ఆపాడు. మా పొడుగు ఫార్వర్డ్ కొట్టిన ఒక బంతి పోల్‌కు తగిలి, గీత దగ్గర పడి, వెనక్కి వచ్చింది. అది గీత దాటిందని మేము అరిచాం. రెఫరీ ఒప్పుకోలేదు. చివరికి రెండు పక్కలా గోల్ లేకుండా ముగిసింది. మాకు అది చాలు.

కర్దనూర్ మనిషి లేత్ షెడ్డుకు, ఇంకో షెడ్డుకు పొట్లాలు పట్టుకుని పోయాడు. నేను ఫౌండ్రీకి పోయాను. లోపల పొగ, వేడి. క్రేన్ కింద కోచ్ నిలబడి ఉన్నాడు. ఆయన జనరల్ షిఫ్టు ఎప్పుడో అయిపోయింది. సంగారెడ్డి బస్సు పోయి చాలాసేపయింది. పైనుంచి వేలాడుతున్న తాడుకు ఒక పొట్లం ముడి వేస్తున్నాడు. నా చేతిలోని పొట్లం చూసి, "గదిగూడ కట్టు. పొద్దున ఆరింటి నుంచి ఉన్నడు" అన్నాడు.

రెండు పొట్లాలూ పైకి పోయాయి. క్యాబిన్‌లోంచి క్రేన్ ఆయన తల బయటికి పెట్టి చేతులు తిప్పాడు. ఆ చప్పుడులో మాట వినపడదు. నేను రెండు చేతుల వేళ్లూ గుండ్రంగా చుట్టి, సున్నా, సున్నా అని చూపించాను. తల లోపలికి పోయింది. మరుక్షణం క్రేన్ గంట ఆగకుండా మోగింది. ఏదో ప్రమాదం జరిగిందని సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏం లేదు సార్" అన్నాడు కోచ్. "మ్యాచ్ సమానం అయింది."

ఆయన్ని బస్టాండు దాకా సైకిల్ మీద దింపాను. దారిలో విజిల్ సంగతి ఎత్తితే, "ఇగ నాతోటి పనేమున్నది? మీకు తెలిసిపాయె గద, ఎవలను అడగాల్నో" అన్నాడు. మరుసటి ఏడాది లెక్కల్లో బజ్జీలు మళ్లీ చేరాయి. కోచ్ మాత్రం తిరిగి రాలేదు.

మ్యాచ్ మర్నాడు పొద్దున హోటల్లో చర్చ మళ్లీ మొదలైంది, ఆ ఇద్దరికీ పెట్టిన డబ్బు దండగా కాదా అని. అందరికంటే గట్టిగా వినిపిస్తున్నది క్రేన్ ఆయన గొంతే.

"పోల్‌కు తగిలి పడ్డది ముమ్మాటికీ గోలేనండీ! గీత దాటి జానెడు లోపల పడింది. అది ఇచ్చి ఉంటే ఖర్చు గిట్టినట్టే కదా!"

"నువ్వు సూడనే లేదు గదనే అన్నా" అన్నాడు కర్దనూర్ మనిషి.

"నేను చూడకపోతేనేం? నా కీపరు చూశాడు."