పిన్ని తూచిన బొగ్గు

మా బ్రేకు లైనింగుల ఫ్యాక్టరీలో ల్యాబ్ పిన్ని అంటే తెలియనివాళ్లు లేరు. సీసాలు కడిగే పనిలో చేరి, ఇరవై రెండేళ్లలో ఫర్నేసు, తూకం, లెక్క అన్నీ కళ్లతో చూసి నేర్చుకున్న మనిషి.

లైనింగు పొడిని అంటించి పట్టే ఫినాలిక్ రెసిన్‌ను ఎనిమిది వందల డిగ్రీల దాకా కాల్చి, ఎంత మిగిలిందో తూచడం ఆమె పని. ఫర్నేసు గొట్టంలోకి నైట్రోజన్ పంపి, గాలిని తరిమేసి కాలిస్తే రెసిన్ మండిపోదు. ముందు నీరు వదులుతుంది, తర్వాత ఘాటైన ఫినాల్ వాసన వస్తుంది, చివరికి గట్టి బొగ్గు మిగులుతుంది. బ్రేకు వేడెక్కినప్పుడు లైనింగును పట్టి ఉంచేది ఆ బొగ్గే. నూటికి యాభై అయిదు పాళ్లు లేకపోతే సరుకు పారబోయాల్సిందే.

ఆ రెసిన్‌ను పెద్ద కెటిల్‌లో వండేది ఆమె సొంత బావ, అక్క భర్త. నమూనా డబ్బా కిటికీలో పెట్టి, "ఏమ్మా మరదలా, మసి పూసుకుంటే ఇంకా బాగున్నావే" అనేవాడు.

"అంతా నీ వంట చలవే బావా" అనేది తలెత్తకుండా.

రెండో షిఫ్టు పని ఆగి ఉన్న ఒక నెల అతని సరుకు వరసగా రెండుసార్లు నలభై దగ్గరే ఆగిపోయింది. మూడోదీ పోతే అతన్ని కెటిల్ పని మీంచి తీసేస్తానన్నాడు మేనేజర్. మూడోది నలభై ఒకటి వచ్చింది.

"నేనేం మార్చలేదు. అదే వేడి, అవే పాళ్లు" అన్నాడు బావ. ఆ రోజు వేళాకోళం లేదు.

"వచ్చిందే రాస్తాను బావా."

"రాయి. దొంగ అంకె రాయించుకుని మీ అక్కకి మొహం ఎలా చూపించను?"

పిన్ని కలం తీసింది గాని రాయలేదు. గిన్నెను వెలుతురులోకి పట్టుకెళ్లింది. నల్లగా మెరవాల్సిన బొగ్గు అంచున సన్నటి బూడిద చార ఉంది. గాలి తగలనిదే బూడిద రాదు.

పరీక్షకి వచ్చిన ప్రతి సరుకులోంచి ఒక చిటికెడు సీసాలో దాచడం అక్కడి పద్ధతి. పోయిన నెల యాభై ఎనిమిది వచ్చిన సీసా తీసి, అదే ఫర్నేసులో కాల్చింది. నలభై రెండు వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ నెల మొదట్లో కొత్త నైట్రోజన్ సిలిండర్ ఆలస్యమవుతుందని విని, గ్యాసు పొదుపు చేద్దామని తనే సిలిండర్ మర సగానికి తిప్పి పెట్టింది. ఆ కాస్త గ్యాసు చాలక, గొట్టం మూత సందులోంచి గాలి జొరబడుతోంది.

మర పూర్తిగా తిప్పి అన్నీ మళ్లీ కాల్చింది. బావవి మూడూ యాభై ఏడు దాటాయి. రిజిస్టరులో "ముందు రాసినవి తప్పు. గ్యాసు తగ్గించింది నేనే" అని రాసి సంతకం పెట్టింది.

మేనేజర్ కళ్లద్దాలు తీశాడు. "బావ కోసం రాశావంటారమ్మా."

"ఆ పాత సీసా బావ వండింది కాదు సార్, రెండో షిఫ్టువాళ్లది. అది కూడా నా చేతిలోనే తప్పింది. మీరు నిలబడండి, మళ్లీ కాలుస్తాను."

ఆయన నిలబడి చూశాడు, సంతకం చేశాడు.

మర్నాడు బావ డబ్బాతో వచ్చాడు. "తప్పు నీదేనని రాశావట. మీ అక్కకి చూపించాలి, ఆ కాగితం ఇలా ఇవ్వు. పెళ్లయిన దగ్గర్నించీ తప్పులన్నీ నావేనంటోంది."

పిన్ని నవ్వుతూనే డబ్బా మీద తేదీ రాసి, కెటిల్ మరుగుతోంది పొమ్మని చెయ్యి ఊపింది.